ఎండలోకి తెచ్చిన గుడ్డ తాను

ట్యూబ్‌లైటు కింద చూసి గుడ్డ కొనే మనిషిని కాను నేను. కొట్లో దీపాలు కొట్టువాడు తనకోసం పెట్టుకున్నవి. అతనికి కావలసిన రంగే చూపిస్తాయి అవి. మా ఊళ్ళో బట్టల కొట్టుకి వెళితే గుమాస్తా తానుని భుజాన వేసుకుని తనే అరుగు మీదికి వచ్చేవాడు. చుట్ట విప్పి, మూరెడు గుడ్డ మన చీర కొంగు పక్కన ఎండలో పరిచి చూపించేవాడు. అడగక్కర్లేదు. అలా తేని కొట్టు గడప మేము రెండోసారి తొక్కేవాళ్ళం కాదు. ఏం చూసుకున్నా కత్తెర పడకముందే చూసుకోవాలి. పడ్డాక గుడ్డ మనదే, రంగు ఏదైనా సరే. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం బాగా తెలుసు. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో నన్ను కోర్టుకి ఎక్కించింది కూడా ఇదే.

రెండువేల పన్నెండు ఎండాకాలం అది. అప్పటికి నేను మా అమ్మాయి ఇంటికి వచ్చి మూడేళ్ళు. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ చిప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగాలు. మనవరాలు ఆరో తరగతి. అది బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి ఉండాలని నాకు గ్రీన్‌కార్డు తెప్పించారు. నాకున్న ముదురెరుపు అరక్కు రంగు పట్టుచీరకి రవిక పాతబడి చంకల్లో చిరిగిపోయింది. ఊరికి వెళ్ళినప్పుడు కుట్టించుకోవచ్చు కదా అంది అమ్మాయి. రవిక కోసం ఏడాది పాటు పట్టుచీర పెట్టెలో ఉంచడం నాకిష్టం లేదు. చీర కట్టుకునే బయల్దేరాను, రంగు పోల్చుకోవాలి కదా.

పెద్ద గుడ్డల కొట్టు అది. తానులన్నీ పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. అమ్మాయికి ఆఫీసు ఫోను వచ్చింది, నువ్వు చూస్తూ ఉండమ్మా అని కారులోనే ఉండిపోయింది. బయట మాడు పగిలే ఎండ, ఏసీ కోసం బండి ఇంజను ఆపలేదు. లోపల నా చీరకి నప్పే రంగువి రెండు తానులు కనిపించాయి. ఆ దీపాల కింద రెండూ ఒకటే. గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర ఒక్కతే మనిషి, ఆమె ముందు వరుస. అందులో ఒక తాను పట్టుకుని గుమ్మం వైపు నడిచాను. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఎండలో గుడ్డ విప్పి కొంగు మీద పెట్టి చూశాను. కాస్త ఇటిక రంగుకి తిరిగినట్టు అనిపించింది. నా కుడికంట్లో పొర వస్తోంది. కొట్టువాడి దీపాన్ని నమ్మనిదాన్ని, నా కంటిని మాత్రం ఏం నమ్మను. అమ్మాయికి చూపిద్దామని కారు వైపు నాలుగడుగులు వేశాను.

వెనక నుంచి ఒక మనిషి వచ్చి నా చేతిలోని తానుని పట్టుకున్నాడు. టీ షర్టు, నిక్కరు, నెత్తిన టోపీ. ఏదో అంటున్నాడు. కొట్టు మనిషి అనడానికి ఒంటి మీద గుర్తేమీ లేదు. నేను వదల్లేదు. కొట్టువాళ్ళ సరుకు నా చేతిలో ఉంది, ఎవడో లాక్కుపోతే రేపు వాళ్ళు నన్ను అడగరా? ఇంకా గట్టిగా పట్టుకుని అమ్మాయిని కేకేశాను. ఇంతలో పోలీసు కారు వచ్చింది. వాడి కోసమే వచ్చారనుకుని కాస్త నెమ్మదించాను. అమ్మాయి మొహం చూశాక గానీ తెలియలేదు, వచ్చింది నా కోసమని. టోపీ మనిషి కొట్టువాళ్ళు పెట్టుకున్న కాపలావాడట. దొంగలు గుర్తుపట్టకూడదని మామూలు బట్టల్లో తిరుగుతాడట. తానులో ఉన్న గుడ్డంతా కలిపితే నూట ఎనభై డాలర్లట. నాకు కావలసింది గజం గుడ్డ.

పోలీసు ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. చదవడం రాని కాగితం మీద నేను సంతకం పెట్టను. మా ఆయన పోయాక పొలం విషయంలో ఒకసారి అలా పెట్టి రెండేళ్ళు తిరిగాను. పెట్టకపోతే స్టేషన్‌కి తీసుకెళతారమ్మా, ఇది ఒప్పుకోవడం కాదు, ఫలానా రోజు కోర్టుకి వస్తానని మాట ఇవ్వడమే, అని అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు నమ్మకం కలగలేదు. తెలుగులో పెట్టాను. వాళ్ళకీ చదవడం రాకుండా ఉంటుందని.

మొదటి వాయిదాకి అల్లుడు తీసుకెళ్ళాడు. గుమ్మంలో ఇనుము పట్టే యంత్రం నా గాజులకున్న పిన్నీసులకి మోగింది, ఒక్కొక్కటీ తీసి తొట్టిలో వేయించారు. తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క పెట్టుకున్నాను. లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది బండి వేగంగా నడిపినవాళ్ళే. టీవీలో ఒకాయన కనిపించి మీకు ఈ ఈ హక్కులు ఉన్నాయి అని చెబుతూ పోయాడు. అల్లుడు నా చెవిలో చెబుతున్నాడు. మాట్లాడకుండా ఉండే హక్కు ఉందట. లాయరుని పెట్టుకునే హక్కు, డబ్బు లేకపోతే వాళ్ళే పెడతారు. నేరం చేశానని వాళ్ళు రుజువు చేయాలి తప్ప, చేయలేదని నేను రుజువు చేయక్కర్లేదట. ఇన్ని ఊరికే ఇస్తున్నారంటే దేనికో చూసుకోవాలి అనుకున్నాను.

జడ్జి ఆడమనిషి. నల్ల గౌను, మెడలో పూసలు. నా కోసం బల్ల మీద ఫోను పెట్టారు. అందులోంచి తెలుగు వచ్చింది, తెలంగాణ పిల్ల గొంతు. జడ్జి అన్నదంతా ఆ పిల్ల తెలుగులో చెప్పింది. చివరికి, నేరం ఒప్పుకుంటున్నారా, ఒప్పుకోవడం లేదా అని అడిగింది. ఆ గదిలో అల్లుడు కాక నాకు అర్థమయ్యే గొంతు అదొక్కటే. ఫోను దగ్గరికి వంగి మెల్లగా అన్నాను.

"అమ్మా, నువ్వూ ఒక తల్లికి పుట్టిన తెలుగుపిల్లవే. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు తల్లీ. వీళ్ళకి తెలియనీకు."

ఆ పిల్ల నిమిషం ఆగకుండా అదంతా ఇంగ్లీషులో జడ్జికి చెప్పేసింది. వీళ్ళకి తెలియనీకు అన్నది కూడా. అల్లుడు తల పట్టుకున్నాడు. జడ్జి నవ్వకుండా ఉండటానికి కాగితాలు సర్దుకుంది. అక్కడ అన్న ప్రతి మాటా అటూ ఇటూ చెప్పడమే ఆమె పని, సలహా ఇవ్వకూడదు అని జడ్జి అన్నదాన్ని మళ్ళీ ఆ పిల్లే నాకు తెలుగులో చెప్పింది. సరే, ఈమె వాళ్ళ మనిషి అని నిర్ణయించుకున్నాను. ఒప్పుకోను అన్నాను.

వాళ్ళు పెట్టిన లాయరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. చేతిలో ఇరవై ఫైళ్ళు, కాళ్ళకి రబ్బరు బూట్లు. నేను అల్లుడి చేత మొదట అడిగించింది ఆమెకి జీతం ఎవరిస్తారని. సిటీ, అంటే ఆ ఊరి మున్సిపాలిటీ, ఇస్తుందంది. నా మీద కేసు నడిపే ఆయనకి? సిటీయే. జడ్జికి? సిటీయే.

"మరి నా వైపు ఎవరున్నట్టు? అడుగు బాబూ."

అల్లుడు మొహమాటపడుతూ అడిగాడు. ఆమెకి కోపం రాలేదు. డబ్బు ఎవరిచ్చినా నేను మీ లాయర్‌ని, మీరు నాకు చెప్పింది మీరు ఒప్పుకోకుండా వాళ్ళకి చెబితే నా లైసెన్స్ పోతుంది అంది. లైసెన్స్ పోతుందనే భయం ఉన్న మనిషి అని కొంచెం నమ్మాను. పూర్తిగా కాదు.

ఆమె ఒక దారి చూపించింది. మొదటిసారి ఇలా దొరికినవాళ్ళకి ఒక క్లాసు పెడతారట. ఒక పూట కూర్చుని, ఫీజు కట్టి, తప్పు చేశానని సంతకం పెడితే కేసు కొట్టేస్తారు. ఇంటికి వచ్చాక అల్లుడు డైనింగు టేబుల్ దగ్గర ఆ సంగతి ఎత్తాడు.

"అత్తయ్యా, ఒక్క సంతకం. శనివారం నేనే డ్రాప్ చేస్తాను. క్లోజ్ అయిపోతుంది."

"ఏమని పెట్టాలి బాబూ?"

"తీశానని."

"తీశానా?"

అమ్మాయి అందుకుంది. "అమ్మా, ఇక్కడ అందరూ ఇలాగే సెటిల్ చేసుకుంటారు. ఎవరికీ తెలియదు. నీ పంతం కోసం కోర్టు చుట్టూ తిరగాలా?"

"నువ్వు కార్లో కూర్చుని ఫోను మాట్లాడకుండా లోపలికి వచ్చుంటే ఏ చుట్టూ తిరగక్కర్లేదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు లాయరమ్మాయే ఫోను చేసింది. సంతకం పెట్టే ముందు వీసాల లాయరుని అడగమంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు దొంగతనం చేశానని రాసిస్తే, ఇక్కడ కేసు కొట్టేసినా ఆ రాత విమానాశ్రయంలో ఆఫీసరుకి కార్డు తీసేసుకోవడానికి పనికి రావచ్చట. అల్లుడు సెలవు పెట్టి వీసాల లాయరుని కలిశాడు. అతనూ అదే చెప్పాడు. కోర్టులో పోట్లాడి ఓడిపోతే సంగతి ఇంకా చెడుతుందనీ చెప్పాడు. కార్డు పోతే నేను వెళ్ళిపోవాలి. మూడు గంటలకి బస్సు దిగి మనవరాలు తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి రావాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ రాత్రి మజ్జిగ పోసేటప్పుడు అల్లుడు మాత్రం, మీ ఇష్టం అత్తయ్యా, మీరెలా అంటే అలా, అన్నాడు.

పోట్లాడతాను అన్నాను.

కొట్టువాళ్ళ కెమెరా బొమ్మ లాయరమ్మాయి తన ఆఫీసులో చూపించింది. అప్పటిదాకా నాకు ఒక ధైర్యం ఉండేది, నిజం కెమెరాలో ఉంది కదా అని. బొమ్మకి మాట లేదు. పైనుంచి తీసింది. ఎవరో ముసలామె గుమ్మం దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. తాను చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళింది. తర్వాత ఎత్తి పట్టుకుంది, తర్వాత చకచకా నడిచింది, అక్కడ ఇంజను ఆపకుండా నిలిపి ఉంచిన కారు. నేను అటూ ఇటూ చూసింది గుమాస్తా ఎవరైనా వస్తారేమోనని. అది నాకు తెలుసు. కానీ ఆ ముసలామెని నేను కొట్లో చూసి ఉంటే, నాకూ అనుమానం వచ్చేది. ఆ మాట లాయరమ్మాయికి చెప్పించాను. ఆమె తలూపి, అందుకే మీరే మాట్లాడాలేమో అంది. మాట్లాడక్కర్లేని హక్కు కూడా ఉందని, నోరు విప్పకపోయినా దాన్ని తప్పుగా తీసుకోకూడదని ఆరుగురికీ జడ్జి చెబుతుందని అంది.

ఆరుగురంటే జ్యూరీ. జడ్జి కాదట తేల్చేది, ఊళ్ళోంచి చీటీ వేసి పిలిచిన ఆరుగురు మామూలు మనుషులట. ఇది నాకు అన్నిటికంటే మింగుడుపడలేదు. చదువుకున్న జడ్జిని పైన కూర్చోబెట్టి, దారిన పోయేవాళ్ళ చేత తేల్పించడం ఏమిటి?

విచారణ నవంబరులో వచ్చింది. మనవరాలికి ఆ రోజు బడి లేదు, నేనూ వస్తానని పట్టుబట్టింది. ఫోనులో గొంతు పిల్ల ఈసారి మనిషిగానే వచ్చింది, వేరే రాష్ట్రం నుంచి విమానంలో. నా పక్కనే కూర్చుని చెవిలో చెబుతూ పోయింది. ఆరుగురిని ఎంచడానికి ఇరవై మందిని ప్రశ్నలు అడిగారు. వాళ్ళలో చక్కగా కోటు వేసుకుని నాకేసి మర్యాదగా నవ్విన ఒక పెద్దాయన ఉన్నాడు. ఈయనైతే బాగుండు అనుకున్నాను. నాకు కొట్టు ఉండేది, దొంగతనాల వల్లే మూసేశాను, ఇలాంటి కేసులో మనసు సమంగా పెట్టుకోలేను అన్నాడాయన. జడ్జి థాంక్యూ చెప్పి ఇంటికి పంపింది. నా కంటిని నమ్మకూడదని నాకు ముందే తెలుసు. మిగిలినవాళ్ళలో ఒకామె చూయింగ్ గమ్ నములుతోంది, ఒక కుర్రాడి మెడ నిండా పచ్చబొట్టు. ఆ ఇద్దరూ ఆరుగురిలో కూర్చున్నారు.

టోపీ మనిషి టోపీ లేకుండా వచ్చి ప్రమాణం చేశాడు. అబద్ధం చెప్పలేదు. నేను అటూ ఇటూ చూశానన్నాడు, కారు వైపు నడిచానన్నాడు, గుడ్డ తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదన్నాడు. లాయరమ్మాయి మూడే ప్రశ్నలు వేసింది. గుడ్డ మడిచి దాచిందా? లేదు. బయటికి వచ్చాక ఏం చేసింది? విప్పి పైకి ఎత్తింది. ఎటు చూసింది? అతను ఆలోచించి, ఎండకేసి అన్నాడు.

తర్వాత నేను చేయెత్తి ప్రమాణం చేశాను. లాయరమ్మాయి అడిగితే మా ఊరి గుమాస్తా సంగతి, అరుగు సంగతి, పట్టుచీర సంగతి చెప్పాను. ఆ చీరే కట్టుకున్నాను, పాత రవికతోనే. సిటీ లాయరు లేచాడు. గొంతు హెచ్చించని మనిషి. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి. రంగు చూడటానికైతే గుమ్మంలోనే చూడొచ్చు, కారు వైపు ఎందుకు నడిచారన్నాడు. కారులో నా కూతురు ఉంది, దాని కళ్ళు మంచివి అన్నాను. ఆయన కాగితం చూసుకుని చివరి ప్రశ్న అడిగాడు. మీ ఉద్దేశం మంచిదే అయితే, స్టోర్ మనిషి గుడ్డ తిరిగి ఇమ్మన్నప్పుడు ఎందుకు ఇవ్వలేదు? ఎందుకు పెనుగులాడారు?

"ఆయన స్టోర్ మనిషని నాకు తెలియదు బాబూ. నిక్కరేసుకుని వెనక నుంచి వచ్చి కొట్టువాళ్ళ గుడ్డ లాక్కుంటుంటే, దొంగ అనుకున్నాను."

తెలంగాణ పిల్ల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. మెడ నిండా పచ్చబొట్టు ఉన్న కుర్రాడు ఫక్కున నవ్వి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. చూయింగ్ గమ్ ఆమె నమలడం ఆపింది. టోపీ మనిషి వెనక బెంచీలో కూర్చుని తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ రోజు ప్యాంటే వేసుకున్నాడు.

జడ్జి ఆరుగురికీ ఏదో చాలాసేపు చదివి వినిపించింది. ఆ పిల్ల చెవిలో చెబుతుంటే ఒక ముక్క దగ్గర నేను మళ్ళీ చెప్పించుకున్నాను. ఈమె నేరం చేసిందని మీకు గట్టిగా నమ్మకం కుదరాలి, కారణం ఉన్న అనుమానం ఏ కాస్త మిగిలినా వదిలేయాలి, అని. నా జన్మంతా అనుమానాలే. పాలవాడి మీద, తూకం మీద, అల్లుడు తెచ్చిన మామిడిపళ్ళ మీద. దాని వల్ల ఒకరికి మంచి జరుగుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ దాన్ని చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. అయితే ఆ ఆరుగురికి సరిపడా అనుమానం ఉందో లేదో అన్నది నా భయం. అమెరికా వాళ్ళు తొందరగా నమ్మేస్తారు. కెమెరాని కూడా.

గంటన్నర పట్టింది. అమ్మాయి నా చేయి పట్టుకునే కూర్చుంది. నేను డబ్బా తెరిచి పులిహోర పెడితే ఎవరూ తినలేదు. తిరిగి పిలిచాక గమ్ ఆమే లేచి నిలబడింది, ఆమె చేతిలోనే కాగితం. ఆమె చదివిన రెండు ముక్కలు ఆ పిల్ల చెప్పకముందే మనవరాలు వెనక నుంచి చెప్పేసింది.

"నాట్ గిల్టీ అమ్మమ్మా. నువ్వు ఓకే."

అమ్మాయి ఏడ్చింది. అల్లుడు లాయరమ్మాయికి రెండుసార్లు చేయి కలిపాడు. నేను మాత్రం తెలంగాణ పిల్లని పట్టుకున్నాను. వాళ్ళు సరిగ్గా ఏమన్నారు, దొంగతనం చేయలేదన్నారా, అని. ఆ పిల్ల తన అలవాటు ప్రకారం నా ప్రశ్నని లాయరమ్మాయికి ఇంగ్లీషులో చెప్పింది. చేయలేదని ఏ కోర్టూ రాసివ్వదంది లాయరమ్మాయి. చేశారని రుజువు కాలేదు, అంతే. చేయలేదన్నది మీరు లోపలికి వచ్చినప్పుడే చట్టం ఒప్పుకున్న సంగతి, దాన్ని కాదనడానికి వాళ్ళకి చాలలేదు. అయితే ఆ చాలలేదన్నదే కాగితం మీద రాసి ఇమ్మను అన్నాను. గ్రీన్‌కార్డు వాళ్ళు రేపు అడుగుతారు. నోటి మాటలు నేను నమ్మను.

కిటికీ దగ్గర ఫీజు కట్టించుకుని ఇచ్చారు. కింద బొడిపెలుగా నొక్కిన ముద్ర ఉంది. ఇంగ్లీషు నాకు రాదు కానీ ముద్ర ఎలా ఉండాలో తెలుసు. నన్ను రెండేళ్ళు తిప్పిన పొలం కాగితాల్లో ఒకదాని మీద ముద్ర ఉత్త సిరా. గుమ్మం దాటి మెట్ల మీదికి రాగానే కాగితం రెండు చేతులతో పట్టి ఎండకేసి ఎత్తాను. నవంబరులో కూడా ఆ ఊళ్ళో ఎండకి కొరత లేదు.

మనవరాలు నా కొంగు లాగింది. "అమ్మమ్మా, అలా పైకి పెట్టకు. ప్లీజ్. గార్డ్ మనల్ని చూస్తున్నాడు."

నిజమే, లోపల నా పిన్నీసులు తీయించిన గార్డే, అద్దం తలుపు వెనక నుంచి మా వైపే చూస్తున్నాడు.

"చూడనీ" అన్నాను. ముద్ర నా ఎడమకంటికి సరిగ్గానే కనిపించింది. అయినా కాగితం దాని చేతికిచ్చి, ఎండకి పెట్టి నువ్వు కూడా ఒకసారి చూడమన్నాను.